బుచ్చిరాములు నేటి వినికిడి

సిరిసిల్లలో సాంచాలు నడిచే వాడలో చెవిటివాణ్ణి కనిపెట్టడం అంత సులువేం కాదు. సాంచా అంటే మరమగ్గం. ఒక్కో షెడ్డులో ఎనిమిదో పదో ఒకేసారి కొట్టుకుంటుంటే పక్కన నిలబడ్డవాడి కేక కూడా వినపడదు. అందుకే అక్కడ పనిచేసేవాళ్లు సగం చేతులతో, సగం పెదవులతో మాట్లాడుకుంటారు. ఇంటికొచ్చాక గొంతు చించుకుంటారు. కొత్తగా వచ్చిన కోడళ్లు ఇదేం కొట్లాటల కొంప అని మొదటి వారం బెదిరిపోతారు, రెండో వారం నుంచి వాళ్లూ అరుస్తారు. ఇట్లాంటి చోట బుచ్చిరాములుకు వినికిడి పోయి ఏడాదిన్నర అయినా ఎవరికీ తెలియలేదంటే వాడవాళ్ల తప్పేం లేదు.

తెలియకుండా ఉండటానికి అతను పడ్డ తిప్పలూ తక్కువేం కాదు. అరవై ఏళ్ల ఈ మనిషికి ఉన్న పేరంతా చెవుల వల్ల వచ్చిందే. ఆ పేరు ఊళ్లో కాదు, ఫోన్లో ఉంది. "నేటి వినికిడి" అని ఒక వాట్సాప్ గ్రూపు. మంచిర్యాలలో బడిపిల్లలకు లెక్కలు చెప్పే మమతారాణి పెట్టింది. ముప్పై నాలుగు మంది. పొద్దున లేచి ఎవరు ఏ కచేరీ వింటున్నారో, అది ఎట్లా ఉందో నాలుగు ముక్కలు రాయాలి, అంతే. పండుగ శుభాకాంక్షలు, గులాబీపూల బొమ్మలు పెట్టినవాళ్లను మమతారాణి మొహమాటం లేకుండా బయటికి పంపుతుంది. ఇద్దరిని పంపింది కూడా, అందులో ఒకాయన ఆమె సొంత మేనమామ.

ఆ గ్రూపులో బుచ్చిరాములు "రాములు సార్". షెడ్డు సొంతదారైన ఆసామి అతన్ని "అరె బుచ్చిగా" అని చేయి ఊపి పిలుస్తాడు. ఇక్కడ మాత్రం కరీంనగర్‌లో ట్రెజరీ ఆఫీసు నుంచి రిటైరైన కైలాసం లాంటివాడు కూడా సార్ అనవలసిందే. కైలాసానికి ఇతరుల తప్పులు పట్టడం ఉద్యోగంలోంచి ఇంటికి తెచ్చుకున్న అలవాటు. రెండేళ్ల కింద ఆయన ఒక పాత కచేరీ పెట్టి ఇది ధనాశ్రీ రాగం అని రాస్తే, బుచ్చిరాములు కాదు పొమ్మన్నాడు. పాడేవాడు మధ్యమం మీద చాప పరుచుకుని కూచున్నాడనీ, పంచమం దిక్కు చూడనైనా చూడటం లేదనీ, అందుచేత అది భీంపలాసే అనీ రాశాడు. మూడు రోజులు వాదన నడిచింది. చివరికి మమతారాణి ఆ రికార్డు అట్ట ఫొటో ఎక్కడో పట్టుకొచ్చి పెట్టింది. భీంపలాస్. అప్పటినుంచి కైలాసం కూడా సార్ అంటున్నాడు. అయితే ఆ ఓటమిని మరిచిపోయే రకం కాదాయన.

రాములు సార్ ఏం పని చేస్తాడని గ్రూపులో ఎవరూ అడగలేదు, ఇతనూ చెప్పలేదు. ఏ కాలేజీలోనో పాఠాలు చెప్పి దిగిపోయి ఉంటాడని అనుకున్నారు. అనుకోనిచ్చాడు.

ఇతనికి సంగీతం అంటింది ముంబై పక్కన బీమండిలో. పందొమ్మిదేళ్లప్పుడు ఇక్కడ పని లేక అక్కడి షెడ్లకు పోయాడు. అద్దెగది గోడ అవతల ఒక ముసలి మరాఠీ పోస్టుమాన్ ఉండేవాడు, సాయంత్రం అయితే రేడియోలో హిందుస్తానీ గాత్రం తప్ప ఇంకేం పెట్టేవాడు కాదు. మొదట్లో బుచ్చిరాములు గోడ మీద గుద్ది ఆపమనేవాడు. ఆరు నెలలకు గోడకు చెవి ఆనించాడు. ఏడాది తిరిగేసరికి చాయ్ పట్టుకుని ఆ ముసలాయన గదిలోనే తేలాడు.

సంగీతం వినేవాళ్లు చాలామంది ఉంటారు, ఇతనిది వేరే లెక్క. షెడ్డులో పాట పెట్టుకునే వీల్లేదు, పెట్టుకున్నా వినపడదు. అందుకని ఇంట్లో విన్నదాన్ని షెడ్డులో మనసులో నడిపేవాడు. పన్నెండు గంటలు నాలుగు సాంచాల మధ్య తిరుగుతూ, తెగిన పోగు ముడేస్తూ, నాడెలో అయిపోయిన నూలు కండె మారుస్తూ, మొదటి ఆలాపన దగ్గర్నుంచి వరసగా. ఎక్కడైనా మరిచిపోతే పాట అక్కడే ఆగేది. సాయంత్రం ఇంటికొచ్చి ఆ ఒక్క చోటు మళ్లీ విని, మర్నాడు అక్కణ్నుంచి అందుకునేవాడు. ముప్పై అయిదేళ్లకు పైగా అదే పని. తలలో ఎన్ని కచేరీలు పోగుపడ్డాయో అతనికే తెలియదు.

వాటన్నిట్లోకి ముద్దుబిడ్డ ఒకటుంది. తొంభై నాలుగులో ఎవరి పెళ్లికో ఆదిలాబాద్ పోయినప్పుడు, ఇతని టేపురికార్డరు మొరాయిస్తే బస్టాండు దగ్గర జబ్బార్ అనే మెకానిక్ దుకాణానికి పట్టుకుపోయాడు. దుకాణంలో ఒక ఆడగొంతు భీంపలాస్ పాడుతోంది. ఆమె పేరు సక్కుబాయి, నాందేడ్ దిక్కు మనిషి. ఎనభై తొమ్మిదిలో ఆదిలాబాద్‌లో ఒక పత్తి వ్యాపారి ఇంట్లో మధ్యాహ్నం పూట పాడితే జబ్బార్ బ్యాటరీ సెల్లుల మీద నడిచే టేపులో పట్టాడు. రేడియోలో రాలేదు, రికార్డుగా బజారుకెక్కలేదు. ఆ తర్వాత రెండేళ్లకే ఆమె చనిపోయింది. నలభై ఒక్క నిమిషాలు. సరిగ్గా ఇరవయ్యో నిమిషాన కరెంటు పోతుంది. మైకు చస్తుంది, ఫ్యాను ఆగుతుంది. ఆమె ఆగదు. అంతదాకా ఫ్యాను చప్పుడు కింద నలిగిన గొంతు ఒక్కసారి గది మధ్యకు వచ్చి నిలబడుతుంది. బుచ్చిరాములు అక్కడే నిలబడిపోయి బస్సు పోగొట్టుకున్నాడు. జబ్బార్ నవ్వి ఒక నకలు చేసిచ్చాడు. అప్పటినుంచి ఇద్దరూ దోస్తులు, మొదట ఉత్తరాల మీద, తర్వాత ఫోన్ల మీద. జబ్బార్ కూడా గ్రూపులో ఉన్నాడు, ఇతని పని ఏమిటో తెలిసినా అక్కడ ఎత్తలేదు.

ఆ నకలు కేసెట్టు పన్నెండేళ్లు తిరిగి తిరిగి చివరికి నలిగి తెగిపోయింది. జబ్బార్ దగ్గర అసలు టేపు ఉంది కదా అని ఇతనికి ధైర్యం. గ్రూపులో దాని గురించి ఎన్నిసార్లు రాశాడో లెక్కలేదు. తనూ జబ్బారూ పోను, వినని ముప్పై ఇద్దరికీ దానిమీద ఆశ పుట్టించాడు.

ఇంతలో చెవులు పోయాయి. మొదట పోయింది తంబురా. ఇదేమిటి, ఈ కచేరీలో తంబురా పెట్టలేదా అనుకున్నాడు. తర్వాత సారంగి పైస్థాయి పోయింది. గొంతులు కొన్నాళ్లు పక్కింట్లోంచి వచ్చినట్టు వచ్చి, అవీ మానేశాయి. అన్నిటికన్నా చివర పోయింది తబలా ఎడమచేతి దెబ్బ. కరీంనగర్‌లో డాక్టరు చూసి, సాంచాల మోతకు లోపల నరం చచ్చిందని, తిరిగి రాదని చెప్పి చెవి మిషన్ పెట్టుకొమ్మన్నాడు. పెట్టుకున్నాడు. గిన్నెల చప్పుడు వినపడింది, కుక్క వినపడింది, వద్దన్నవన్నీ వినపడ్డాయి. భీంపలాస్ పెడితే రేకు మీద గులకరాళ్లు పోసినట్టుంది. మిషన్‌ను డబ్బాలో పెట్టి బట్టల కింద తోశాడు. ఆ రోజు అన్నం తినలేదు.

గ్రూపులో మాత్రం రాయడం మానలేదు. మానితే రాములు సార్ పోతాడు, ఆసామి పిలిచే బుచ్చిగాడే మిగులుతాడు.  తలలో ఉన్న కచేరీల్లోంచి రోజుకొకటి తీసి, ఇప్పుడే విన్నట్టు రాసేవాడు. ఎవరైనా కొత్తది పెడితే పనిమీదున్నా, రేపు వింటా అనేవాడు. ఆ రేపు వచ్చేది కాదు. జబ్బార్ ఫోన్ చేస్తే ఎత్తక, తర్వాత రాతలో బదులిచ్చేవాడు.

భార్య చంద్రవ్వకు మాత్రం తెలుసు. బీడీలు చుట్టే చంద్రవ్వకు చదువు రాదు గానీ ఫోన్లో పాట నడుస్తోందా, ఆగిందా అనే గుర్తు తెలుసు. ఒకనాడు మొగుడు ఫోన్ చెవికి ఆనించుకుని, కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తున్నాడు. ఫోన్లో పాట ఆగి ఉంది. ఆమె బీడీల చాట ముందేసుకుని చూస్తూ కూచుంది. ఆ ఇంట్లో ఫ్యాను కిర్రుకిర్రుమంటోందని ఏడాదిగా మొత్తుకోవడం ఆనాటి నుంచి మానేసింది. వినపడనివాడు ఎందుకు బాగుచేస్తాడు? ఆమె కూడా పెళ్లయిన కొత్తలో షెడ్డులో కండెలు చుట్టిన మనిషే, పెదవుల మాట వచ్చు. అతనితో మెల్లగా అదే భాషలోకి మారింది. అతను గమనించనట్టే ఉన్నాడు.

మొన్న వానాకాలంలో జబ్బార్ గ్రూపులో ఒక కబురు పెట్టాడు. మనవరాలు లైబా టేపును ఫోన్లోకి ఎక్కించే వైరు తెప్పించింది, వచ్చే ఆదివారం పొద్దున సక్కుబాయి వస్తుంది. గ్రూపంతా పెళ్లివారిల్లయింది. మొదటి మాట రాములు సారే రాయాలి అని మమతారాణి తీర్మానం చేసింది. బుచ్చిరాములుకు ఫికర్ లేదు. వేరే ఏ కచేరీ అయినా తడబడతాడేమో గానీ దీన్ని నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

ఆదివారం ఆరున్నరకు ఫైలు వచ్చింది. నలభై ఒక్క నిమిషాలు అని చూపిస్తోంది. బుచ్చిరాములు స్నానం చేసి, గోడకు ఆనుకుని కూచుని, కాస్త నయమైన కుడిచెవికి ఫోన్ ఆనించాడు. వేరే వాటిల్లో ఎక్కడో ఒక మూల చిన్న అదురన్నా తగిలేది. ఇందులో అది కూడా లేదు. ఉన్న కాస్తా పోయినట్టుందిరా అనుకున్నాడు. బాగా ఏడుపొచ్చింది. అయినా ఫోన్లో గీత కదులుతుంటే దానితో పాటు లోపల సక్కుబాయిని నడిపించాడు. చివరిదాకా కూచుని, తుడుచుకుని, రాశాడు:

"జబ్బార్ భాయ్, నీ చేతులకు దండం. పదకొండు నిమిషాలు మధ్యమం మీద నిలవెట్టి మనల్ని ఎట్ల సతాయించిందో సూడుండ్రి. ఇరవయ్యో నిమిషంల ఫ్యాను ఆగినంక గొంతు ఎంత సాఫుగ వచ్చింది! లైబా బిడ్డ మంచిగ ఎక్కించింది. తంబురా సుత ఒక్కొక్క తీగ ఇనవడుతున్నది."

తంబురా మాట రాయకుండా ఉంటే సరిపోయేది. చేయి ఊరుకోలేదు.

 అయిదు నిమిషాలకు కాగజ్‌నగర్ నుంచి ఒకరు, నాకేం వినపడటం లేదు, నా ఫోన్ పాడైందా అని అడిగారు. ఇంకొకరు నాకూ అంతే అన్నారు. వరసగా తొమ్మిది మంది. మమతారాణి రెండు ఫోన్లలో పెట్టి చూసి, ఫైలు మొదటినుంచి చివరిదాకా ఖాళీగా ఉందనీ, సుయ్యిమనే చప్పుడు తప్ప ఏమీ లేదనీ, జబ్బార్ గారు మళ్లీ పెట్టాలనీ రాసింది. అప్పుడు కైలాసం వచ్చాడు. రెండేళ్లు కాచుకున్న మనిషి ఎక్కువ రాయలేదు.

"మరి రాములు సార్‌కు తంబురా ఎట్ల ఇనవడ్డది?"

బుచ్చిరాములు ఆ ముక్క ఎన్నిసార్లు చదివాడో.  తను రాసింది చెరిపేయవచ్చు, కానీ ఇరవై ఎనిమిది మంది చూసినట్టు గుర్తు కనబడుతోంది. నా పాత కేసెట్టు విన్నానని అందామా అంటే, అది తెగిన సంగతి గ్రూపులో తనే, దానికి దినం పెట్టినంత పెద్ద వ్యాసంగా రాసి ఉన్నాడు. ఫోన్ బోర్లా పెట్టి, దొడ్లోకి పోయి ఊరికే నిలబడ్డాడు. రేపట్నుంచి పొద్దున లేచి ఏం చేయాలో తోచలేదు.

కాసేపటికి చంద్రవ్వ వచ్చి చేయి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. ఫోన్లో జబ్బార్ ఉన్నాడు. ఆమె ఫోన్ తన చెవికే పెట్టుకుని, మొగుడి ఎదురుగా కూచుని, అవతల వచ్చిన మాటను వచ్చినట్టు పెదవుల మీద చెప్పింది. నీకు వినపడదని నాకు తెలుసు అనే మాటను ఆమె అట్లా చెప్పింది, వేరేగా చెప్పలేదు.

జబ్బార్ ఏడుస్తున్నాడు. లైబా తప్పేం లేదట, గ్రూపులో గోల చూసి టేపును మూడుచోట్ల మళ్లీ పెట్టి చూసిందట. టేపే ఖాళీ. ప్రాణానికి ప్రాణమైన టేపు అని దుకాణంలో అన్నిటికన్నా భద్రమైన చోట పెట్టాడు, పాతకాలపు పెద్ద స్పీకరు పెట్టెలో. పెట్టె లోపల, అయస్కాంతానికి ఆనించి. అయస్కాంతం పక్కన టేపు పెడితే పాట చెరిగిపోతుందని నలభై ఏళ్లు వచ్చినవాడికల్లా చెప్పిన మెకానిక్కే ఆ పెట్టెను పెట్టెగానే చూశాడు గానీ స్పీకరని మరిచిపోయాడు. పొద్దున వినకుండానే గ్రూపులో పెట్టాడు, అందరితో కలిసి విందామని.

"నా చేతుల్తోనే ఖతం చేసిన, బుచ్చన్నా. గిప్పుడు నువ్వు రాసింది సదివిన. ఫ్యాను ఆగేది ఇరవయ్యో నిమిషమని నాకు సుత యాదికి లేకుండె. సక్కుబాయి నీ కాడ ఉన్నది. జర మాకు ఇయ్యి."

చంద్రవ్వ పెదవులు ఆగాయి. బుచ్చిరాములుకు జబ్బార్‌ను తిట్టాలనిపించింది, తిట్టలేదు. ఫోన్ తీసుకుని గ్రూపులో రాశాడు:

"కైలాసం సార్ అడిగింది న్యాయమే. నాకు ఏడాదిన్నర సంది చెవులు ఇనవడుతలేవు. అప్పటిసంది రాసినయన్నీ యాది మీద రాసినయే. ఇన్నట్టు రాసుడు తప్పు. నేను సార్‌ను కాదు, సిరిసిల్లల సాంచాలు నడుపుత. టేపు ఖాళీ అయింది. అండ్ల ఏమున్నదో మీకు కావాలంటే వచ్చే ఆదివారం చెప్త."

ఈసారి అందరికన్నా ముందు కైలాసమే బదులు పెట్టాడు. ఆదివారం ఎన్ని గంటలకో చెప్పమన్నాడు, చివర రాములు సార్ అనే రాశాడు. అది వెక్కిరింపో కాదో తేల్చుకోవడానికి బుచ్చిరాములుకు రెండు రోజులు పట్టింది.

ఆ వారం షెడ్డులో సక్కుబాయి తప్ప ఇంకెవరూ పాడలేదు. ఆదివారం పొద్దున తలుపులు వేసి, గోడకు ఆనుకుని కూచున్నాడు. చంద్రవ్వ చాట ఒళ్లో పెట్టుకుని ఎదురుగా కూచుని బీడీలు చుడుతోంది, పైన ఫ్యాను కిర్రుమంటూ తిరుగుతోంది. బుచ్చిరాములు ఫోన్లో రికార్డు నొక్కాడు. సాంచా బోల్టు వదులైందా అని చేయిపెట్టి చూసినట్టు, కుడిచేతి వేళ్లు గొంతు మీద పెట్టుకున్నాడు. తన గొంతు తనకు వినపడదు, ఆ అదురే ఆధారం. బొంగురు గొంతు. పాడటం ఏనాడూ నేర్చుకున్నది లేదు. కొంత పాడాడు, కొంత చెప్పాడు. ఇక్కడ తబలాయన సుత్తెతో కొట్టి శ్రుతి చేసుకుంటాడు, ఆమె ఆగుతుంది. ఇక్కడ ఎవరో దగ్గుతారు. ఇక్కడ పంచమం దాకా వచ్చి, ఆశపెట్టి, వెనక్కి పోతుంది. గడియారం చూడలేదు. ఆ కచేరీ నిమిషాలు అతని లోపలే ఉన్నాయి.

ఆ ఇరవయ్యో నిమిషం వచ్చింది. పాడుతున్నవాడు ఆపి, వేళ్లు గొంతు మీదినుంచి తీయకుండా చెప్పాడు.

"గిక్కడ కరెంటు పోయింది."

చంద్రవ్వ చాట కింద పెట్టి, లేచి, ఫ్యాను బంద్ చేసింది.

ముప్పై ఏళ్లకు పైగా ఆ పాటను మొగుడి పిచ్చి అనుకుని, ఒక్క రోజు కూడా చెవిన పెట్టనట్టే ఉన్న మనిషి. బుచ్చిరాములుకు చప్పుడు ఆగడం తెలియలేదు. చాటలో తునికాకు ముక్కలు ఊగడం మానేశాయి, అది కనబడింది. ఆమె మళ్లీ వచ్చి ఎదురుగా కూచుంది, ఈసారి బీడీ చుట్టలేదు. కానియ్యి అని పెదవులతో అంది. అతను మధ్యమం అందుకున్నాడు.